చూరు లోపలి కాఫీబల్ల

లిదియమ్మ పోయిన రోజున ఉదయగిరిలో చాలామంది చాలా మంచి మాటలు చెప్పారు. సౌమ్యురాలన్నారు. ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషన్నారు. భూదేవికున్నంత ఓర్పన్నారు. ఆ మాటలన్నవాళ్ళలో సగంమందిని ఈ లోకంలోకి లాగింది ఆ శవపెట్టెలో ముడుచుకున్న చేతులే కాబట్టి, కాదని చెప్పడానికి అక్కడ ఎవరికీ మనసు రాలేదు. కానీ అవన్నీ అబద్ధాలు. లిదియమ్మకు ఓర్పు లేదు. ఉండవలసిన అవసరమూ లేదు. ఆమెకున్నది కోపం. ఇరవై ఏళ్ళు దాన్ని కడిగి, మరిగించి, ఆరబెట్టి, కాన్పుల కత్తెర దాచుకున్నట్టు దాచుకుంది. పోయిన మనిషి దగ్గర ఆ కోపాన్ని కూడా గుంజుకుంటే ఇంక ఆమెకంటూ ఏం మిగులుతుంది?

ఆ కోపం ఒక కాఫీబల్ల మీద బయటపడింది.

అది పంతొమ్మిదివందల యాభై మూడు వేసవి. లిదియమ్మకు అప్పటికి ముప్ఫై ఆరేళ్ళు. నెల్లూరు మిషన్ ఆస్పత్రిలో మంత్రసాని పని నేర్చుకుని, ఉదయగిరి ధర్మాసుపత్రిలో కుదిరింది. తెల్లచీర, నల్లగొడుగు, చేతిలో రేకుపెట్టె. పెట్టెలో కత్తెర, దారం, మందు సీసాలు, వాటి పక్కనే గుడ్డలో చుట్టిన ఒక సత్తు గ్లాసు. గ్లాసు వైద్యానికి కాదు. కాన్పు అయ్యాక ఏ ఇంటివాళ్ళయినా కాఫీ ఇస్తే, పెరట్లో నిలబడి పట్టుకోవడానికి. వాళ్ళు పైనుంచి పోసేవాళ్ళు, ఆమె కింద పట్టేది. తాగాక తన గ్లాసు తనే కడుక్కునేది. ఊరి బయట, చెరువు కింది పల్లె మనిషి కదా మరి.

ఆ ఇళ్ళ లెక్క తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పురుడు వచ్చినప్పుడు ఇల్లంతా మైల. మైలలో ఉన్న ఇంటికి కొత్తగా అంటేదేమీ లేదు. అందుకని ఆ పదిరోజులూ లిదియమ్మకు ఏ గడపా అడ్డం కాదు. నడింట్లోకి రావచ్చు, గదిలోకి రావచ్చు, ఇంటి కోడలి కడుపు మీద చెయ్యి వెయ్యవచ్చు, పిల్లవాణ్ణి కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పొయ్యవచ్చు. పదకొండో రోజు పుణ్యాహవాచనం. నీళ్ళు చల్లగానే ఇల్లు శుద్ధి. ఇల్లు శుద్ధి కాగానే లిదియమ్మ వీధిలోకి. పన్నెండో రోజు ఆమె వస్తే, తను ఊపిరి పోసిన బిడ్డను తను చూడాలంటే, చూరు బయట నిలబడాలి.

చూరంటే మాటవరసకు కాదు. రామనారాయణ గారి మిద్దె ముందు పెంకుల పంచ ఉంది. పంచలో నాపరాళ్ళు పరిచారు. పెంకుల చూరు నుంచి ఏళ్ళ తరబడి వాననీళ్ళు కారి, పంచ ముందర మట్టి వాకిట్లో వరసగా చిన్న చిన్న గుంటలు పడ్డాయి. ఆ గుంటల వరస దాటి పల్లె మనుషులు లోపలికి రాకూడదు. ఎక్కడా రాసి లేదు. ఎవరూ నోరు విప్పి చెప్పనక్కర్లేదు. వాన గీసిన గీతకు మనుషులు కాపలా కాశారు.

రామనారాయణ గారు నలభై ఎకరాల ఆసామి. ఆయన తల్లి కామాక్షమ్మ. భార్య దేవకమ్మకు ఇరవై రెండేళ్ళు. తొలికాన్పులో మూడు రోజులు నొప్పులు పడింది. బిడ్డ అడ్డం తిరిగాడు. నెల్లూరికి బస్సులో తీసుకుపోదామంటే దారిలోనే పోతుందన్నారు. లిదియమ్మ ఆ మూడు రోజులూ కూర్చోలేదు. మూడో రోజు మధ్యాహ్నం బిడ్డను తిప్పి బయటికి తీసింది. నీలంగా ఉన్నవాడి నోట్లో నోరు పెట్టి ఊదింది. వాడు ఏడ్చాడు. తల్లి బతికింది.

రామనారాయణ గారు పంచలోకి వచ్చి అందరి ముందూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"లిదియమ్మా, నువ్వు మనిషివి కాదు. వాడికి పేరు పెట్టే రోజున నువ్వు మా పంచలో మాతోపాటు కూచోని కాఫీ తాగాల. ఇది నా మాట" అన్నాడు.

"మాట గట్టిగానే ఉండాదయ్యా. నిలబడేదాకా చూద్దాం" అంది లిదియమ్మ చేతులు తుడుచుకుంటూ.

గదిలో పడుకున్న దేవకమ్మకు ఆ మాట వినబడింది. "నిలబడతాది లిదియమ్మా, నేనున్నా గదా" అంది సన్నగా.

రామనారాయణ గారు నెల్లూరులో ఒక ప్లీడరు ఇంట్లో చూశాడు: తోటలో నాలుగు పేముకుర్చీలు, వాటి మధ్య మోకాలెత్తు బల్ల, దాని మీద కాఫీ. దాన్ని కాఫీటేబిలు అంటారట. తనకూ అలాంటిది ఉండాలని ఎప్పటినుంచో ఉంది. ఈ వంకతో చేయిద్దామనుకున్నాడు. "నీ పేరున చేయిస్తున్నా. పోయి ఆచారి దగ్గర నీకు నచ్చిన పలక చూడు" అని లిదియమ్మకే చెప్పాడు. చెప్పినప్పుడు ఆయన మనసులో కపటం లేదనే అనుకోవాలి. కపటం లేని మనుషుల వల్ల జరిగే అన్యాయం ఇంకా చేదుగా ఉంటుంది. తిట్టడానికి కూడా పట్టు దొరకదు.

వడ్రంగి పెంచలనరసయ్యను అందరూ ఆచారి అనేవాళ్ళు. బస్సులు ఆగే చోటికి కాస్త పక్కగా అతని కొట్టం. మూడు పలకలు తీసి గోడకు ఆనించాడు.

"ఇది మామిడి. చూసేదానికి తెల్లగా ఉంటాది, వానాకాలానికి వంకర పోతాది. ఇది వేప. ఇదేమో ఏగిస, దుర్గం కొండ ఎనక అడివిది. నీ మనవళ్ళు కూడా కాఫీ తాగొచ్చు దీని మీద."

లిదియమ్మ మూడింటినీ వేళ్ళతో తట్టి చూసింది, కడుపు తట్టి బిడ్డ ఎటు తిరిగి ఉన్నాడో చూసినట్టు. ఏగిస పలకలో ఒక మూల నల్లటి ముడి ఉంది.

"ఇదే."

"ముడి ఉండాదే దాంట్లో!"

"ఉండనీ. ముడి ఉండే చోటే గట్టి. మోకాలెత్తు పెట్టు ఆచారీ. వంగి తీసుకునేట్టు చెయ్యబాక. వంగి వంగి నడుము పొయ్యుండాది నాకు."

"కూచోని తాగేదానికి వంగేదేముంది?"

లిదియమ్మ నవ్వింది. కాఫీకి వంగకుండా ఉండడం ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. ఆ వారమంతా ఆస్పత్రికి పోతూ వస్తూ కొట్టం ముందు ఆగేది. కాళ్ళు చెక్కాడు. చట్రం బిగించాడు. పలక చిత్రిక పట్టి, గాజుపెంకుతో గీకి, నూనె పూశాడు. ముడి నల్లగా మెరిసింది.

అత్త ఓబులమ్మ మాత్రం ఎకసెక్కాలాడేది. కొడుకు పోయినా కోడల్ని వదలని ముసలమ్మ. నోరు పెద్దది.

"ఏమ్మే, పెళ్ళికూతురు మాదిరి రోజూ పోయి చూసుకొస్తుండావంట. కట్నం కింద ఇస్తారా ఆ బల్ల?"

"నువ్వు కూడా వస్తావా అత్తా, కాఫీకి?"

"నాకెందుకులే తల్లీ. ఆ చూరు కిందికి పోతే నా నెత్తి మీద పెంకు పడతాది."

పేరుపెట్టే శుక్రవారానికి రెండు రోజుల ముందు లిదియమ్మ కొట్టం దగ్గర ఆగితే, బల్ల మీద పలక లేదు. చట్రంలో నల్లటి కడప రాయి బండ బిగించి ఉంది. ఏగిస పలక గోడకు ఆనించి ఉంది. ఆచారి ఉలికి పదును పెడుతూ తల ఎత్తలేదు.

"ఇదేంది?"

"కామాక్షమ్మ గారు మనిషిని పంపినారు. వాకిట్లో ఉండేది గదా, ఎండకూ వానకూ కర్ర పగులుతాదంట."

"నా మనవళ్ళ దాకా ఉంటాదన్నావే?"

ఆచారి ఉలి పక్కన పెట్టాడు. "కర్రకు మైల పడతాదంట లిదియమ్మా. ఇంకిపోతాదంట. రాయికి పట్టదంట, నాలుగు నీళ్ళు చల్లితే సరిపోతాదంట. అన్నది నేను కాదు. నా మీద కోపం చెయ్యబాక."

"నీ మీదెందుకు? నువ్వు రంపానివి. కోసేది చెయ్యి" అని గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. "రంపానికి కూడా తుప్పు పడతాది ఆచారీ, చూసుకో."

శుక్రవారం పోవద్దనే అనుకుంది. కానీ దేవకమ్మ కబురు పంపింది, రెండుసార్లు. ఆ పిల్ల "నేనున్నా గదా" అన్న మాట చెవిలో ఉంది. అదీగాక పలక ఏదైనా చోటు పంచలోనే కదా, మాట పంచ గురించి కదా అని ఒక మూల ఆశ. ప్రాణాలు పోసిన మనిషి, రెండు గజాల రాతినేల కోసం ఆశపడాలి! లిదియమ్మ ఉతికిన చీర కట్టుకుంది. రేకుపెట్టెలోంచి సత్తు గ్లాసు తీసి ఇంట్లో గూట్లో పెట్టింది.

"గ్లాసు మరిచిపోయినావే" అంది ఓబులమ్మ.

"మరిచిపోలా."

ఆమె వెళ్ళేసరికి ఇద్దరు పాలేర్లు బల్ల మోసుకొస్తున్నారు. రామనారాయణ గారు ఎదురొచ్చాడు. "రా లిదియమ్మా. యాడ పెట్టాలో నువ్వే చెప్పు."

"ఆ స్తంభం పక్కన పెట్టండయ్యా" అంది. చూరు లోపల, నాపరాళ్ళ మీద. పాలేర్లు పెట్టారు.

కామాక్షమ్మ గుమ్మంలోకి వచ్చింది. "నడవకు అడ్డం గదరా అది? వచ్చేపోయేవాళ్ళ కాళ్ళకు తగలదా? ఇంకొంచెం ఇవతలికి తియ్యండి." బల్ల పంచ అంచుకు వచ్చింది.

ఆమె పైకి చూసింది. "చూరులో పిచ్చికలుండాయి. కాఫీలో రెట్ట పడదా? పందిరి కిందికి జరపండి." బల్ల గుంటల వరస దాటింది. వాకిట్లో సన్నజాజి పందిరి కింద, మట్టిలో కుదురుకుంది.

"ఇప్పుడు బాగుండాది. చల్లగా, దొరల తోట మాదిరి" అంది కామాక్షమ్మ.

నడవ అన్నారు, పిచ్చికలన్నారు. మైల అన్న మాట ఒక్కసారి కూడా ఎవరి నోటా రాలేదు. నాలుగు పేముకుర్చీలు పంచలో, గుంటల వరసకు అటు. బల్ల, దాని పక్కన ఒక రాతి దిమ్మె ఇటు. పంచలో వాళ్ళకు ఇత్తడి గ్లాసుల్లో కాఫీ వచ్చింది. బండ మీదికి పింగాణీ కప్పు వచ్చింది, సాసరుతో సహా, కొత్తది.

లిదియమ్మ రామనారాయణ గారి వైపు చూసింది. ఆయన సన్నజాజి తీగ వైపు చూశాడు. ఆ తీగలో అంతగా చూడవలసింది ఏముందో ఆయనకే తెలియాలి.

"కూచో లిదియా, చల్లారిపోతుండాది" అంది కామాక్షమ్మ.

అప్పుడే లోపల బిడ్డ ఏడ్చాడు. దేవకమ్మ వాణ్ణెత్తుకుని గుమ్మంలోకి వచ్చింది. బల్ల ఎక్కడుందో చూసింది. గడప మీదే ఆగిపోయింది.

లిదియమ్మ కూర్చోలేదు. "అమ్మా, మీ మనవడు కర్రా, రాయా?" అని అడిగింది.

"ఏందా మాట?"

"తొలీత వాణ్ణి పట్టుకునింది నా చెయ్యి. మీ ఎవరి చెయ్యీ పడకముందు. వాడి నోట్లో ఊదింది నా ఊపిరి. రాయి అయితే నాలుగు నీళ్ళు చల్లుకోండి, సరిపోతాది. కర్ర అయితే ఇంకిపొయ్యుంటాది గదమ్మా. మరి వాణ్ణి యాడ పెడతారు? ఈ పందిరి కిందా?"

లిదియమ్మ కప్పు వైపు చూడకుండా గొడుగు తీసుకుని బయటికి నడిచింది.

కథ అక్కడితో ఆగితే ఊరు ఆమెను కొన్నాళ్ళు పొగరుబోతు అని మరిచిపోయేది. ఆగనివ్వలేదు కామాక్షమ్మ. ఆదివారం చర్చి నుంచి లిదియమ్మ వచ్చేసరికి పల్లెలో తన గుడిసె ముందు ఎద్దులబండి. బండి మీద బల్ల.

"నీ పేరున చేయించింది గదా, నువ్వే పెట్టుకోమన్నారు అమ్మగారు" అన్నాడు బండివాడు. దించేసి పోయాడు.

పల్లెలో వాళ్ళు చుట్టూ మూగారు. ఎంత మంచి మనసు అన్నారు కొందరు. ఓబులమ్మ బండ మీద ఎక్కి కూర్చుని కాళ్ళూపింది. "మన గడప కన్నా ఇదే ఎత్తుగా ఉండాది మే. దీన్ని ఇంట్లో పెట్టి మనం బయట పడుకుందామా?"

అందరూ నవ్వారు. లిదియమ్మ నవ్వలేదు. ఆమె కోపానికి ఇప్పుడు రూపం వచ్చింది. తిన్న విస్తరి పారేసినట్టు పారేసి, దాన్ని దానం అంటున్నారు. తీసుకుంటే మాట తీరినట్టు. కాఫీ ఇచ్చాం, బల్ల కూడా ఇచ్చాం, ఇంకేం కావాలి అంటారు.

"లెయ్ అత్తా" అంది.

"ఏం చేస్తావు?"

"ఇది నాది కాదు. నాది ఆచారి కొట్టంలో ఉండాది."

అత్తాకోడళ్ళిద్దరూ కలిసి బండ ఊడదీశారు. ఓబులమ్మ దాన్ని అక్కడే వదలనివ్వలేదు. చెరువు గట్టు దాకా దొర్లించుకుపోయి బట్టలుతికే రాయి చేసుకుంది. "మైల పట్టదంట గదా, దీని మీద ఉతికితే చీరలు తెల్లగా వస్తాయి" అని ఆ తర్వాత చాన్నాళ్ళు అందరికీ చెప్పింది.

లిదియమ్మ ఉత్త చట్రం నెత్తిన పెట్టుకుని కొట్టానికి పోయింది. ఆచారి చూశాడు. గోడకు ఆనించిన ఏగిస పలక తెచ్చి, చట్రంలో కూర్చోబెట్టి, చెక్క మేకులు దిగ్గొట్టాడు. ఆమె డబ్బులివ్వడానికి కొంగు ముడి విప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"పెట్టు ఆ ముడి. సగం పని బయటికి పొయ్యుండాది నా పేరు మీద. నాలుగు రోజులుగా అన్నం సయించలా. యాడికి దీన్ని?"

"యాడికో నీకు తెలియదా?"

తెలుసు. అతను ఒక కొస పట్టుకున్నాడు. సాయంత్రం నాలుగు గంటలకు, బజారు నిండా జనం ఉండగా, వడ్రంగీ పల్లె మంత్రసానీ చెరో కొసా పట్టుకుని కాఫీబల్ల మోసుకుపోతుంటే అంగళ్ళలో తూకాలు ఆగిపోయాయి. వాకిలి ముందు ఆచారి ఆగిపోయాడు. "ఇంక లోపలికి నేను రాలేను లిదియమ్మా. ఆ ఇంటి పని మీద బతకాల" అన్నాడు. ఆమె బల్ల నడుముకు ఆనించుకుని ఒక్కతే లోపలికి పోయింది.

పంచలో రామనారాయణ గారు, ఆత్మకూరు తాలూకా ఆఫీసు నుంచి వచ్చిన ఇద్దరు ఉద్యోగులు పేముకుర్చీల్లో ఉన్నారు. నాలుగో కుర్చీ ఖాళీ. లిదియమ్మ గుంటల వరస దాటింది. ఆగలేదు, అడగలేదు. స్తంభం పక్కన బల్ల దించింది. ఖాళీ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మీ మాట ప్రకారం కాఫీకి వచ్చినానయ్యా."

ఉద్యోగి ఒకాయన ఆశ్చర్యంగా అడిగాడు. "ఎవరండీ ఈమె?"

రామనారాయణ గారు కుర్చీలో సర్దుకున్నాడు. పరాయి మనుషుల ముందు కాదనాలంటే కాదనడానికి కారణం చెప్పాలి. కారణం నోటితో చెప్పడానికి ఆయనకు సిగ్గు. ఆ సిగ్గే ఆయనలోని మంచితనం మొత్తం. "మా... మావాడికి పురుడు పోసింది" అన్నాడు.

లోపల్నుంచి కామాక్షమ్మ గొంతు వినబడింది. "దేవకీ! యాడికి? ఆగు!"

దేవకమ్మ ఆగలేదు. రెండు ఇత్తడి గ్లాసులు రెండు చేతుల్లో పట్టుకుని వచ్చింది. రెండూ ఆ పలక మీద, నల్లముడికి అటొకటి ఇటొకటి పెట్టింది. కుర్చీ లేదు. పంచలో ఆ నాపరాళ్ళ మీదే బల్లకు ఎదురుగా చతికిలబడింది. భర్త ముందు, పరాయి ఉద్యోగుల ముందు. ఒక గ్లాసు తను తీసుకుని తాగింది.

"చక్కెర సరిపోయిందా లిదియమ్మా?"

లిదియమ్మ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంది. పైనుంచి ఎవరూ పోయలేదు. కింద ఎవరూ పట్టలేదు. "తక్కువయింది. అయినా బాగుండాది" అంది.

అంతటితో ఆ ఇల్లు మారిపోయిందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ సాయంత్రమే లిదియమ్మ తాగిన ఇత్తడి గ్లాసు నిప్పుల్లో వేసి కాల్చారు. పంచ కడిగి పసుపునీళ్ళు చల్లారు. దేవకమ్మ వారం రోజులు అత్తగారి చేత మాటలు పడింది. మరుసటి నెల బిడ్డను చూడడానికి లిదియమ్మ పోతే బల్ల మళ్ళీ పందిరి కింద ఉంది. ఆమె దాన్ని ఈడ్చుకుంటూ పంచలోకి తెచ్చి, స్తంభం పక్కన పెట్టి కూర్చుంది. దేవకమ్మ కాఫీ తెచ్చింది. ఆ మరుసటి నెలా అంతే. వాళ్ళు బయట పెట్టేవాళ్ళు, ఆమె లోపలికి ఈడ్చేది. వాడికి జ్వరమొచ్చినా, దేవకమ్మకు రెండో కాన్పు వచ్చినా, ఊరికే పోయినా, ముందు బల్ల, తర్వాత పని. ఒక్క కాన్పు రోజున మాత్రం ముందు కాన్పు. సత్తు గ్లాసు మళ్ళీ రేకుపెట్టెలోకి ఎక్కలేదు. దాంట్లో ఓబులమ్మ పొడుం పోసుకుంది.

అలా నాలుగేళ్ళు. నాపరాళ్ళ మీద చూరు దగ్గర్నుంచి స్తంభం దాకా బల్లకాళ్ళ గీతలు పడ్డాయి, తెల్లగా, లోతుగా.

యాభై ఏడులో ఒక రోజు లిదియమ్మ వాకిట్లోకి వచ్చేసరికి కామాక్షమ్మ పాలేరును కేకలేస్తోంది. "లిదియా వచ్చే ఏళయింది, ఆ బల్ల ఎత్తి లోపల పెట్టరా. ఆమె ఈడ్చిందంటే రాళ్ళన్నీ గీరుకుపోతుండాయి!"

తర్వాత ఊళ్ళో కొందరు దాన్ని ముసలమ్మ మనసు మారడం అన్నారు. లిదియమ్మ ఓర్పు ఫలించింది అన్నారు. మనసు మారలేదు, నేల పాడైంది. ఓర్పు ఫలించలేదు, ఏగిస కాళ్ళు అరిగాయి.

పాలేరు బల్ల తెచ్చి స్తంభం పక్కన, ఎప్పుడూ ఉండే చోట జాగ్రత్తగా పెట్టాడు. లిదియమ్మ పంచలోకి వచ్చింది. గొడుగు స్తంభానికి ఆనించింది. కామాక్షమ్మ వైపు ఒకసారి చూసింది. బల్లను రెండు చేతులా పట్టుకుని, నడింటి గడప వైపు ఇంకో జానెడు లోపలికి ఈడ్చి, అప్పుడు కూర్చుంది.